ఇంట్లోనే అల్లిక రెక్కల పురుగులు పెంచి, గుడ్లు తీసి రైతులకు అమ్మొచ్చా?

పెంచొచ్చు. వీటి (గ్రీన్ లేస్‌వింగ్) పిల్లలు పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులను తింటాయి, అందుకే చేలో గుడ్లు వదులుతారు. అమ్మడం దగ్గరే తిప్పలు. మాది సిరోంచ, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణం కొసన, ప్రాణహిత ఒడ్డున. పత్తి, మిర్చి వేస్తాం.

అందరూ గుడ్లు ఎలా తీయాలనే అడుగుతారు. చాకిరీ అంతా మేతలో ఉంది. పిల్ల పురుగులకు కార్సైరా గుడ్లు వేయాలి. కార్సైరా అంటే బియ్యానికి పట్టే రెక్కల పురుగే. దానికి మళ్లీ జొన్న నూక ట్రేలు. ఆ రెక్కల పొడి పడక మా అన్న మాస్క్ లేనిదే గదిలో అడుగు పెట్టడు. పైగా పిల్ల పురుగులన్నీ ఒకే డబ్బాలో వేశారా, ఒకదాన్నొకటి తినేస్తాయి.

గుడ్లు తీయడంలో మా వదినది తిరిగిన చెయ్యి. తల్లి పురుగులున్న బకెట్ మీద మూతకు బదులు నల్ల బట్ట కడుతుంది. అవి గుడ్లు పెట్టేది రాత్రిపూట. తెల్లారి చూస్తే బట్ట లోపలివైపు వెంట్రుకంత సన్నటి కాడలు, ఒక్కో కాడ కొసన ఒక లేతపచ్చ గుడ్డు. ఒకరోజు ఆ బట్ట విప్పి పక్కన పెట్టిందో లేదో, పక్కింటి పెద్దమ్మ వచ్చి "ఏందే, బూజు పట్టిన బట్ట ఉతకవా?" అని సర్ఫు నీళ్లలో ముంచబోయింది. వదిన కేకకు వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి. తర్వాత అదే పెద్దమ్మ చేత బట్ట బిగించి పట్టించి, మెత్తటి స్పాంజితో పైపైన రుద్దింది. గుడ్లన్నీ కింద తెల్ల కాగితం మీద రాలాయి. బ్లేడుతో గీకేవాళ్లూ ఉన్నారు, ఆమెకది నచ్చదు.

ఇక అమ్మకం. గుడ్లు 3, 4 రోజుల్లో పొదుగుతాయి. పచ్చరంగు పోయి బూడిదరంగుకు తిరిగాయంటే టైం అయిపోయినట్టే. తెలిసిన రైతుకు బస్సులో పంపిన డబ్బా పార్శిల్ ఆఫీసులోనే ఉండిపోయింది. ఆయన విప్పేసరికి బలిసిన పిల్లలు కొన్ని ఉన్నాయి, మిగతావి వాటి కడుపులో ఉన్నాయి. చేనుకు సరిగ్గా చేరినా నమ్మకం లేదు. ఇవాళ గుడ్లు వదిలితే రేపు దుకాణదారు మాట విని మూడు మందులు కలిపి కొడతారు. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు ఇక మందుల బెడద తీరిందన్నారు. బీటీ కాయతొలిచే పురుగుకే గానీ పేనుబంకకు, పచ్చదోమకు కాదని ఎవరూ గట్టిగా చెప్పలేదు.

నన్నడిగితే బకెట్లు, ట్రేలు ఏమీ కొనకండి. పత్తి మధ్యలో అలసంద సాళ్లు, చుట్టూ జొన్న వేయండి. అలసందకు పట్టే పేనుబంక కోసం అక్షింతల పురుగులు, అల్లిక రెక్కలవి పిలవకుండానే వస్తాయి. మొదటి రెండు నెలలు మందు డబ్బా ముట్టకండి. దుకాణదారు పలకరించడం మానేస్తాడు, అంతే.