ఆ గోడ జోలికి వెళ్లే ముందు

అమ్మలూ,

ఫొటోలు చూశాను. 1911 నాటి ఇల్లు, అదీ కాలిఫోర్నియాలోని పసడీనాలో. మంచి ఇల్లే పట్టారు. కానీ "చెక్క పనంతటికీ తెల్ల రంగు కొట్టించి, డైనింగ్ రూమ్ గోడ తీయించేద్దాం అనుకుంటున్నాం పెదనాన్నా" అన్నావు చూడు, ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అల్లుడితో ఆరు నెలలు ఆగమని చెప్పు.

ముందు నేను చేసిన నిర్వాకం విను. మేము ఈ పాతింట్లో దిగిన కొత్తలో ఒక కాంట్రాక్టరు మాట విని పదకొండు కిటికీలూ పీకించి వినైల్‌వి, అంటే ప్లాస్టిక్‌వి, పెట్టించాను. పీకుతుంటే గోడలోంచి దబ్బుమని ఇనప కడ్డీలు రాలాయి. ఒక్కోటీ రోకలి ముక్కంత. కిటికీ తలుపుకి తాడు, తాడు పైన కప్పీ, అవతలి కొసకి ఈ బరువు. వేలితో ఎత్తితే చాలు, ఎక్కడ వదిలితే అక్కడే నిలబడే ఏర్పాటది. ఎనభై ఏళ్లు పుచ్చని చెక్క చెత్తబండిలోకి పోయింది. నా వినైల్ కిటికీలు పదిహేనేళ్లకే బిగుసుకుపోయాయి. ఒక కడ్డీ మాత్రం దాచుకున్నాను, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటాం.

రంగు డబ్బా కొనే ముందు ఇద్దరూ గ్యాంబుల్ హౌస్ చూసి రండి, మీకు దగ్గరే. సబ్బుల కంపెనీ గ్యాంబుల్ కుటుంబం కోసం గ్రీన్ సోదరులు 1908లో కట్టిన ఇల్లు. అమ్మకానికి పెడదామనుకున్న రోజుల్లో, చూడ్డానికి వచ్చినవాళ్లు లోపలి టేకు పనికి తెల్లరంగు వేద్దామనుకోవడం చెవిన పడి, ఇంటివాళ్లు అమ్మకం మానుకున్నారని చెబుతారు. చివరికి 1966లో పసడీనా నగరానికి ఉచితంగా ఇచ్చేశారు.

మీది అంత పెద్దది కాదు, బంగళో. మనకి బంగళా అంటే కలెక్టరుగారిది. బెంగాల్ నుంచి బయల్దేరిన ఆ మాట ఇక్కడికొచ్చేసరికి మధ్యతరగతివాళ్ల చిన్న ఇల్లయింది. అయినా వరండా, పొడవాటి చూరు మాత్రం వదల్లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గానీ, ఈ ఇంటికి మీరు మొదట చేయాల్సింది అదే. చూరు కింద వాసాల కొసలు బయటికి కనబడాలి. వాటిని పలకలతో మూసేసి ఉంటే తర్వాత ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. కొసల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, వాన మొదట తినేది వాటినే. అటక మీద పింగాణీ బుడిపెలకి చుట్టిన పాత వైరింగ్ ఉంటే ఇన్సూరెన్సువాళ్లు పేచీ పెడతారు. పునాదికీ దాని మీది చెక్కకీ బోల్టులు బిగించి ఉన్నాయో లేదో చూపించుకోండి, భూకంపాల ఊరు కదా. పాత రంగుని మాత్రం పొడిగా గీకకండి. 1978కి ముందువాటిలో సీసం ఉండొచ్చు, ఇంట్లో పసిది ఉంది.

ఇక ఆ గోడ. ఫొటోలో దానికి అమర్చిన అద్దాల బీరువా, కింద సొరుగులు కనిపిస్తున్నాయి. అది తర్వాత కొని తెచ్చింది కాదు, ఇంటితో పాటు కట్టింది. సొరుగులు పూర్తిగా బయటికి లాగి వెనకవైపు టార్చి వేసి చూడండి. మా ఇంట్లో వడ్రంగి పెన్సిల్‌తో వేసుకున్న కూడికలు దొరికాయి. ఒకచోట తప్పు కూడాడు కూడా.

ఆ ఇంట్లో మీకు ముందు ఎవరెవరు ఉన్నారో తెలుసుకోవాలంటే, మన ఊళ్లో ఈసీ తీసినట్టు సర్వే నంబరు పెట్టి వెతికితే కుదరదు. ఇక్కడ పేర్లే దారి. మీకు అమ్మినవాళ్లు ఎవరి దగ్గర కొన్నారు, వాళ్లు ఎవరి దగ్గర, అలా నార్వాక్‌లోని కౌంటీ రికార్డర్ ఆఫీసు (మన రిజిస్ట్రారు ఆఫీసు లాంటిది) ఇండెక్సులో ఒక్కో లింకు డాక్యుమెంటూ పట్టుకుని వెనక్కి పోవాలి. మధ్యలో లింకు తెగితే కంగారుపడకు, చాలాసార్లు కారణం పెళ్లై ఇంటిపేరు మారిన కూతురే. వారసత్వం కోర్టు కాగితాల్లో ఆమె దొరుకుతుంది. తర్వాత జనాభా లెక్కలు చూడు. 1950 దాకా బయటపెట్టారు. 1910, 1920 లెక్కల్లో సొంతిల్లా అద్దెదా, తాకట్టు ఉందా అనే గళ్లుంటాయి, 1930లో రేడియో ఉందా అని కూడా. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం ఒక్కో ఇల్లూ గీసిన శాన్‌బోర్న్ మ్యాపుల్లో చెక్క ఇళ్లు పసుపు, ఇటుకవి గులాబీ. వెనకగది ఎప్పుడు కలిపారో వాటితో పోల్చుకోవచ్చు.

ఒక్క సంగతికి సిద్ధపడి ఉండు. మా ఇంటి పాత దస్తావేజులో, తెల్లజాతివాళ్లు తప్ప ఇంకెవరూ ఇక్కడ కాపురం ఉండరాదని టైపు కొట్టి ఉంది, పనివాళ్లకి మాత్రం మినహాయింపు. మనవాళ్లు తెల్లజాతి లెక్కలోకి రారని 1923లో, థింద్ అనే భారతీయుడి పౌరసత్వం కేసులో అమెరికా సుప్రీంకోర్టే తేల్చింది. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదన్నది 1948లో; అవి చట్టవిరుద్ధమైంది 1968లో. అయినా కాగితంలో అక్షరాలు అలాగే ఉండిపోయాయి. మీ పెద్దమ్మ అది చదివి, వంటగదిలోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమింది. ఆ వాక్యం కొట్టేయించడానికి రికార్డర్ దగ్గరే దరఖాస్తు ఉంది, మేం పెట్టాం. పాత ప్రతి జెరాక్సు మాత్రం బీరువాలో ఉంచుకున్నాం.

శుక్రవారాలు నాకు ఖాళీ. నువ్వు సెలవు పెడితే నార్వాక్ ఇద్దరం వెళ్దాం, పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంది. ఈలోపు ఆ సొరుగుల వెనక ఏముందో ఫొటో తీసి పంపు.

మీ పెదనాన్న