సైన్యం ఖాళీ చేసిన స్థావరం: ఏ రోజుతో పోలుస్తున్నారన్నదే అసలు ప్రశ్న

అడిగిన ప్రశ్న ఇది: అమెరికాలో సైన్యం ఒక స్థావరాన్ని మూసేసి ఆ నేలను ఊరికి అప్పగించేటప్పుడు పర్యావరణ ప్రభావాన్ని ఎలా అంచనా వేస్తారు? సైన్యం వెళ్ళిపోవడం పర్యావరణానికి మేలే కదా?

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మేలో కీడో తేలేది ఏ రోజు పరిస్థితితో పోలుస్తున్నారన్న దాని మీదే. పర్యావరణ ప్రభావ నివేదిక ఎన్ని వందల పేజీలున్నా ముందు తెరవాల్సింది ఆ పేజీ.

స్థావరం నిండుగా నడిచిన రోజుల్లో గేట్ల దగ్గర రోజుకు 20,000 వాహనాలు తిరిగేవనుకోండి. మూసేశాక కాపలావాళ్ళవీ మరమ్మతువాళ్ళవీ కలిపి 500. కొత్త ప్రణాళిక ప్రకారం ఇళ్ళు, ఆఫీసులు, కాలేజీ వస్తే 18,000. నడిచిన రోజులతో పోలిస్తే రద్దీ తగ్గింది. ఖాళీగా ఉన్న రోజుతో పోలిస్తే 36 రెట్లు పెరిగింది. రెండూ నిజమే. ఫెడరల్ నివేదికలో ‘ఏమీ చేయకపోతే’ అనే ప్రత్యామ్నాయం ఉంటుంది. అంటే సైన్యం నేలను తన పేరునే ఉంచుకుని, తాళాలు వేసి కాపలా కాయడం. కాలిఫోర్నియా చట్టమేమో మూసివేత నిర్ణయం ఖరారైన నాటి పరిస్థితిని ప్రాతిపదికగా తీసుకునే వీలు స్థానిక సంస్థలకు ఇచ్చింది. ఒకే నేల, ఒకే ప్రణాళిక, అయినా రెండు నివేదికలు రెండు మాటలు చెప్పగలవు. కాబట్టి నీరు, రద్దీ, గాలి, శబ్దం... ప్రతి పట్టికలోనూ రెండు నిలువు వరుసలు ఉండి తీరాలి. ఒక్కటే ఉంటే రెండోది ఎందుకు లేదో రాతపూర్వకంగా అడగండి.

ఆ అంకెలు చివరి దళం కదలకముందే పట్టుకోవాలి. బోర్ల మీటర్ల నెలవారీ రీడింగులు, మురుగునీటి ప్రవాహం, గేట్ల దగ్గర వాహనాల లెక్క, బాయిలర్లకు కాల్చిన ఇంధనం, విమానాల రాకపోకల చిట్టాలు. ఆలస్యమైతే కాగితాలు పెట్టెల్లో వేరే రాష్ట్రానికి చేరతాయి. ఇంధన డిపోలో, అగ్నిమాపక దళంలో పనిచేసినవాళ్ళు తలో దిక్కుకూ వెళ్ళిపోతారు. ఏ గుంటలో ఏం పారబోశారో చెప్పగలిగేది వాళ్ళే.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. అసలు మూసేయాలా వద్దా అన్న నిర్ణయానికి పర్యావరణ సమీక్ష ఉండదు. మూసివేతల కోసం 1990లో తెచ్చిన చట్టం, ఫెడరల్ పనులకు పర్యావరణ సమీక్ష తప్పనిసరి చేసే ‘నేపా’ చట్టాన్ని అక్కడ పక్కన పెట్టింది. నేల అప్పగింతకు, దళాలను మరో స్థావరానికి తరలించడానికి మాత్రమే అది వర్తిస్తుంది. ఆ దశల్లో తప్పు జరిగిందని కోర్టుకెక్కాలంటే గడువు 60 రోజులు. ఇందులో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఇక్కడ తగ్గిన హెలికాప్టర్ల రొద ఇంకో ఊరి మీద పడుతుంది, కానీ అది ఆ ఊరి నివేదికలో ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి మొత్తంగా ఎంత తగ్గింది, ఎంత పెరిగిందని చూపే పట్టిక ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది.

ఇవన్నీ ఒకేచోట కనిపించాలంటే కాలిఫోర్నియాలోని పాత సైనిక స్థావరం ఫోర్ట్ ఆర్డ్‌ను చూడాలి. మాంటెరే అఖాతం ఒడ్డున సుమారు 28,000 ఎకరాలు. 1990లో సూపర్‌ఫండ్ (బాగా కలుషితమైన స్థలాల శుద్ధికి ఉన్న ఫెడరల్ చట్టం) జాబితాకెక్కింది, 1991 విడతలో మూసివేతకు ఎంపికైంది, 1994లో మూతపడింది.

మొదట నీళ్ళు. సలీనాస్ లోయ భూగర్భ జలం నుంచి ఆ నేలకు ఏడాదికి 6,600 ఎకరా-అడుగులు తోడుకోవచ్చని 1993లో ఒప్పందం కుదిరింది. టీఎంసీల్లో చెప్తే సుమారు 0.29. కానీ అక్కడివాళ్ళు ‘180 అడుగుల పొర’, ‘400 అడుగుల పొర’ అని పిలిచే జలపొరల్లోకి అప్పటికే సముద్రపు ఉప్పునీరు చొరబడుతోంది. కొత్త కట్టడాల వాడకాన్ని 6,600తో పోల్చి ‘కేటాయింపు లోపలే ఉంది’ అని రాస్తే పట్టిక శుభ్రంగా కనిపిస్తుంది. ఒప్పందంలో ఉన్న నీరు వేరు, పొరలో ఉన్న నీరు వేరు. ఎంత తోడితే ఉప్పు గీత ముందుకు రాకుండా ఆగుతుందన్నది మోడల్‌తో లెక్కగట్టాలి. చుట్టుపక్కల పొలాల బోర్లు, పొరుగు ఊళ్ళ బోర్లు అందులో కలవాలి. ప్రభావ నివేదికల్లో ఎక్కువగా చతికిలబడేది ఈ ఉమ్మడి ప్రభావాల అధ్యాయమే.

తర్వాత పేలని మందుగుండు. దశాబ్దాల పాటు ఫిరంగులు, మోర్టార్లు గురిపెట్టిన ప్రాంతమే 8,000 ఎకరాల దాకా ఉంది. దాని మీద దట్టంగా తీరప్రాంతపు చాపరల్ పొదలు. పొద తొలగించకుండా డిటెక్టర్ పట్టుకుని నడవలేరు, నేల మీద ఏముందో కనపడదు. యంత్రాలతో నరికేస్తే అక్కడి అరుదైన మొక్కల విత్తనాలు సరిగ్గా మొలకెత్తవు, వాటికి నిప్పు తగలాలి. అందుకని కావాలనే తగలబెట్టారు. పొగ మాంటెరే, సలీనాస్ వైపు వెళ్తుంది కాబట్టి మంట పెట్టే రోజుల్లో తాత్కాలికంగా వేరేచోటికి వెళ్ళదలిచిన కుటుంబాలకు ఖర్చులు ఇచ్చే ఏర్పాటు చేశారు. 2003 అక్టోబరులో మంట గీత దాటి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ నేలను కాల్చింది. శుద్ధి పనికి కూడా ప్రభావం ఉంటుందని ఇక్కడ తేలిపోతుంది. పొగ, నేల కోత, తవ్వకం, లారీలు. వీటిని ప్రణాళిక ప్రభావాల నుంచి విడదీసి ‘అది వేరే చట్టం కింద చూసుకుంటారు’ అని ఒక్క వాక్యంతో దాటేస్తే ఒప్పుకోకూడదు.

మందుగుండు వెతకడంలో ఒక మోటు లెక్క గుర్తుపెట్టుకోండి. లోహ డిటెక్టర్ ఒక వస్తువును దాని వ్యాసానికి దాదాపు 11 రెట్ల లోతు దాకానే నమ్మకంగా పట్టగలదు. 37 మిల్లీమీటర్ల గుండు అయితే సుమారు 40 సెంటీమీటర్లు. పునాది మీటరున్నర తవ్వాలంటే ‘పైనుంచి చూశాం, ఏమీ లేదు’ అన్న మాట చాలదు. పొర తీసి మళ్ళీ స్కాన్ చేయాలి, లేదా తవ్వేటప్పుడు నిపుణుడు పక్కన ఉండాలి. వెతికే బృందాన్ని పరీక్షించడానికి, వాళ్ళకు చెప్పకుండా నకిలీ గుండ్లు ముందే పాతిపెడతారు. అందులో ఒక్కటి దొరక్కపోయినా ఆ గడి మొత్తం మళ్ళీ నడవాల్సిందే.

ఖర్చు ఎవరిదన్న గొడవ కూడా అక్కడే తేలింది. 1995లో ఆ నేల మీద మొదలైన స్టేట్ యూనివర్సిటీ 25,000 మంది విద్యార్థుల దాకా ఎదిగే ప్రణాళిక వేసింది. క్యాంపస్ బయట రోడ్లు, నీటి సౌకర్యాలకు తన వాటా చెల్లించడం చట్టపరంగా కుదరదని వాదించింది. 2006లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. ప్రభావం ప్రహరీ దగ్గర ఆగదు కాబట్టి నా దృష్టిలో అది సరైన తీర్పు.

ఇక నేల సర్వే. పాత రికార్డులు, దశాబ్దాల విమాన ఛాయాచిత్రాలు, పనివాళ్ళతో ముఖాముఖి, కాలినడకన పరిశీలన, పొరుగు భూముల చరిత్ర... ఇవన్నీ చూసి ప్రతి ముక్కకూ 1 నుంచి 7 దాకా వర్గం ఇస్తారు. 1 అంటే కాలుష్యం ఏదీ విడుదల కాని నేల, 7 అంటే ఇంకా పరీక్షించనిది. రికార్డు దొరకలేదు కాబట్టి 1 ఇచ్చేయడమే ఇక్కడ పెద్ద ప్రమాదం. రికార్డు లేకపోతే అది 7 అవుతుంది, 1 కాదు. ఛాయాచిత్రాల్లో ఒక ఏడాది కనిపించి తర్వాతి ఫొటోలో మాయమైన గుంటలను మ్యాపులో గుర్తించాలి. ఏ పని జరిగిందో తెలిస్తే ఏ విషం వెతకాలో తెలుస్తుంది. విమానాల మరమ్మతు షెడ్ల కింద గ్రీజు వదిలించే ద్రావకం టీసీఈ, డ్రైక్లీనింగ్ దగ్గర బట్టలు శుభ్రం చేసే ద్రావకం పీసీఈ, తుపాకుల రేంజిలో సీసం, యాంటిమొనీ, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర వాటి నూనెలో వాడిన పీసీబీలు, పాత క్వార్టర్ల పునాదుల చుట్టూ చెదల మందు క్లోర్డేన్, అగ్నిమాపక శిక్షణ గుంటల్లోనూ నురుగు వ్యవస్థ ఉన్న హ్యాంగర్లలోనూ పీఫాస్ (మంటలార్పే నురుగులో వాడిన, ఎన్నేళ్ళైనా విచ్ఛిన్నం కాని రసాయనాలు). భూగర్భ జలం నమూనాలు కనీసం నాలుగు త్రైమాసికాలు తీయకపోతే రుతువుల తేడా తెలియదు. టీసీఈ ఆవిరి నేలలోంచి గదుల్లోకి ఎక్కుతుంది కాబట్టి ఫ్లోరింగ్ కిందనున్న గాలినీ పరీక్షించాలి, అదీ ఏసీ నడుస్తున్నప్పుడూ ఆపేసినప్పుడూ విడివిడిగా.

ఇంత చేసినా, వెతకనిది దొరకదు. న్యూహాంప్‌షైర్‌లోని పీజ్ వైమానిక స్థావరం 1991లో మూతపడి వ్యాపార కేంద్రంగా మారింది. అక్కడ పిల్లల డేకేర్లు కూడా వచ్చాయి. 2014లో అక్కడి తాగునీటి బావి హేవెన్‌లో పీఫాస్‌లో ఒక రకమైన పీఎఫ్ఓఎస్ లీటరుకు 2.5 మైక్రోగ్రాములు తేలింది. అప్పటి తాత్కాలిక సలహా పరిమితి 0.2. బావి మూసేశారు. ఆ పదార్థానికి 2024లో వచ్చిన తాగునీటి పరిమితి 0.004. ఇన్నేళ్ళూ ఆ నీళ్ళు తాగినవాళ్ళను తల్చుకుంటే ‘అప్పటి ప్రమాణాల ప్రకారం సరే’ అన్న మాట నాకు సరిపోదు. సీసం విషయంలోనూ ఇళ్ళ స్థలాల మట్టికి ఎన్నో ఏళ్ళు 400 పీపీఎం (పది లక్షల్లో 400 వంతులు) వాడి, 2024లో 200కు తగ్గించారు. పరిమితికి అంచున ఆగిన శుద్ధి ఏదైనా రేపు మళ్ళీ తెరవాల్సి వస్తుందని ముందే అనుకుని, పైపులూ రోడ్లూ దాని మీద వేయకుండా ప్రణాళిక గీయాలి.

అప్పగింత దస్తావేజులో, అవసరమైన శుద్ధి అంతా పూర్తయిందనీ, తర్వాత ఏదైనా బయటపడితే ఫెడరల్ ప్రభుత్వమే చూసుకుంటుందనీ హామీ ఉండాలన్నది సూపర్‌ఫండ్ చట్టం నియమం. గవర్నర్ ఒప్పుకుంటే శుద్ధి ముగియకముందే అప్పగించే దారి కూడా ఉంది. తొందరపడే ఊళ్ళు ఆ దారి పడతాయి. అప్పుడు ‘ఇక్కడ ఇళ్ళు కట్టరాదు’, ‘బోరు వేయరాదు’ లాంటి ఆంక్షలే నేలను కాపాడాలి. అవి దస్తావేజులో భద్రంగా ఉంటాయి, తవ్వకం అనుమతులిచ్చే గుమాస్తా కంప్యూటర్లో మాత్రం ఉండవు. కాలుష్యం మిగిలిన చోట ఐదేళ్ళకోసారి సమీక్ష తప్పనిసరి. ఆ సమీక్షకు వెళ్ళేవారు ఐదేళ్ళ బోరు, తవ్వకం అనుమతులన్నీ తెప్పించుకుని ఆంక్షల మ్యాపు మీద ఒక్కొక్కటే పెట్టి చూడాలి.