అంటార్కిటికా హైడ్రాయిడ్‌లను గుర్తించడం: కొమ్మల తీరును కాదు, ముందు కప్పు అంచును చూడండి

మీ కళాశాలలో ఆల్కహాలు సీసాల్లో ఉన్న అంటార్కిటికా పరిసర జలాల హైడ్రాయిడ్‌లను (పాలిప్ అనే చిన్న జీవులు కాడల మీద గుంపుగా, కాలనీగా పెరిగే సముద్ర జంతువులను) ఏ వరుసలో పరిశీలిస్తే జాతి దాకా చేరుకోవచ్చు, వర్ణనలో ఏమేమి రాయాలి అని మీరు అడిగారు. విశాఖపట్నంలో లాసన్స్ బే, ఋషికొండ రాళ్ల మీద, చేపల రేవులో తాళ్ల మీద పెరిగే హైడ్రాయిడ్‌లతో చాలాకాలం గడిపి, ఆ తరువాత దక్షిణ జలాల నమూనాలు చూసినవాణ్ని కనుక ఆ అనుభవంతోనే సమాధానం రాస్తున్నాను.

కాలనీ ఎత్తు, కొమ్మలు చీలిన తీరు, రంగు అనే మూడింటినీ మొదట పక్కన పెట్టండి. నీటి ఉరవడిని బట్టి, ఆధారాన్ని బట్టి ఒకే జాతి పొట్టిగానూ పొడుగ్గానూ పెరుగుతుంది; ఆల్కహాలులో రంగు ఎలాగూ మిగలదు. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో అందరమూ ఓబీలియా స్లైడు బొమ్మ గీసినవాళ్లమే కాబట్టి హైడ్రాయిడ్ అనగానే గంట ఆకారపు కప్పులే కళ్ల ముందు నిలుస్తాయి. దక్షిణ జలాల్లో మీకు తరచుగా ఎదురయ్యేవి మాత్రం కాడకు సగం అతుక్కుని బయటికి వంగి ఉండే గొట్టం లాంటి కప్పులు. పాలిప్ దాగే ఈ కప్పునే హైడ్రోథీకా అంటాం. గుర్తింపు దాని అంచు దగ్గరే మొదలవుతుంది.

చిన్న కొమ్మ ఒకటి తుంచి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి, సూదితో మెల్లగా దొర్లిస్తూ తక్కువ వెలుతురులో చూడండి. వెలుతురు ఎక్కువైతే పల్చని పెరిసార్క్ గోడ, అంటే కాలనీని కప్పే బయటి పొర, కంటికి ఆనదు. కప్పు నోటి చుట్టూ పళ్లు మూడు ఉంటే, మూత కూడా మూడు రెక్కలుగా కనిపిస్తే, అది సింప్లెక్టోసైఫస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వైపు చూపిస్తుంది. పళ్లు నాలుగు, రెక్కలు నాలుగు అయితే సెర్టులారెల్లా వైపు. మూత రెక్కలు చాలా సున్నితమైనవి, ట్రాలు వలలో వచ్చిన నమూనాలో తరచు రాలిపోతాయి, కనుక లెక్క పళ్లతోనే తేల్చుకోవాలి. పక్క నుంచి చూస్తే ఒక పన్ను మరొకదాని వెనుక దాగి నాలుగు మూడుగా కనిపించవచ్చు, అందుకే కప్పును నోటి వైపు నుంచి చూసేదాకా దొర్లించండి. కొన్ని కప్పుల అంచు దగ్గర ఒకదాని పైన ఒకటిగా రెండు మూడు గీతలు కనిపిస్తాయి. అవి విడి లక్షణం కాదు. పాలిప్ చచ్చి తిరిగి పెరిగిన ప్రతిసారీ అంచు కొత్తగా కట్టుకోవడం వల్ల ఏర్పడిన జాడలు. అలాంటి కప్పు పొడవు కొలిచి జాతి లక్షణంగా రాయకూడదు.

అంచున పళ్లూ లేక, మూతా లేక, కప్పులు ఎదురెదురుగానో కాడ చుట్టూ వలయాలుగానో ఉంటే స్టౌరోథీకా అయ్యే అవకాశం ఉంది. ఈకలా పెరిగి, నునుపు అంచు కప్పులు కొమ్మకు ఒకే వైపున ఉండి, కప్పుకు రెండు పక్కలా ఉండే చిన్న రక్షక కప్పుల జత లేకపోతే, ఎక్కువగా అంటార్కిటికాకే పరిమితమైన ఓస్వాల్డెల్లాను పరిశీలించండి. పాలిప్ లోపలికి ముడుచుకోలేనంత లోతు తక్కువ కప్పు హేలీసియంది. పెద్ద కాడ అడుగు భాగాన్ని కూడా వదలకండి: అక్కడ పాకే ఫైలెల్లం గొట్టాలు, చిన్న కాంపాన్యులేరియాలు తరచుగా ఉంటాయి, అంటే ఒకే కొమ్మ మీద రెండు మూడు జాతులు ఉండవచ్చు.

గోనోథీకా, అంటే ప్రత్యుత్పత్తి భాగాలుండే కోశం, దొరకకపోతే చాలా సందర్భాల్లో ప్రజాతి దగ్గర ఆగిపోవడమే మేలు. హేలీసియం విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే ఆడ, మగ కోశాలు వేర్వేరు ఆకారాల్లో ఉండే జాతులున్నాయి. పేరు పెట్టి తీరాలన్న ఒత్తిడి పరిశోధక విద్యార్థుల మీద ఉంటుందని తెలుసు, అయినా కోశం లేని కాలనీకి జాతి పేరు తగిలించడం కంటే ప్రజాతి పేరుతో వదిలేసిన వ్యాసమే నాకు నమ్మదగినదిగా అనిపిస్తుంది.

పాలిప్ కణజాలం మిగిలి ఉంటే కొద్దిగా తీసి కవర్‌స్లిప్ కింద నలిపి, ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద నెమటోసిస్ట్‌ల (కుట్టే సూక్ష్మ కోశాల) రకాలు, పొడవు వెడల్పులు నమోదు చేయండి. ఫార్మలిన్‌లో నిల్వ ఉన్న వాటి నుంచి డీఎన్ఏ రాబట్టడం కష్టం. నేరుగా గాఢ ఇథనాల్‌లో వేసిన నమూనాలుంటే హైడ్రోజోవాకు ఎక్కువగా వాడే మైటోకాండ్రియా 16ఎస్ జన్యువుకు వాటిని విడిగా ఉంచండి.

పాత సాహిత్యంతో జాగ్రత్త అవసరం. 1872–76 నాటి ఛాలెంజర్ నౌక సముద్ర పరిశోధన యాత్ర హైడ్రాయిడ్‌ల మీద ఆల్మన్ 1883లోనూ 1888లోనూ వెలువరించిన నివేదికలు ఇప్పటికీ చూడవలసినవే, కానీ ఆ తరం వర్గీకరణ నేటిది కాదు. ఇప్పుడు సింప్లెక్టోసైఫస్‌లో ఉన్న జాతులు కొన్ని మొదట సెర్టులారెల్లా పేరుతోనే వచ్చాయి. ఉదాహరణకు యాడర్‌హోమ్ 1904లో వర్ణించిన గ్లేసియాలిస్. యూరప్ జాతుల పేర్లను దక్షిణ జలాల నమూనాలకు తగిలించిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే వాలెన్సియా విశ్వవిద్యాలయానికి చెందిన పెన్యా కాంతేరో చేసిన ప్రజాతుల వారీ పునఃపరిశీలనలతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి.

వర్ణనలో కాడ ఒంటి గొట్టమా, అనేక గొట్టాల కట్టా అన్నది, కప్పుకు కాడ వైపు గోడలో అతుక్కున్న భాగం పొడవు, విడిగా ఉన్న భాగం పొడవు, ఎదుటి గోడ పొడవు, నోటి వ్యాసం, గోనోథీకా పొడవు వెడల్పులు, ఎన్ని కప్పులు కొలిచారన్న సంఖ్య ఉండాలి. ప్రతి బొమ్మకూ స్కేలు గీత తప్పనిసరి. సీసా చీటీలో అక్షాంశం, రేఖాంశం, లోతు, తేదీ, సేకరించిన పరికరం ఉన్నాయేమో చూడండి. "మైత్రి" అని మాత్రమే ఉంటే అది చాలదు, ఎందుకంటే అంటార్కిటికాలోని ఆ భారతీయ పరిశోధన కేంద్రం షిర్మాకర్ ఒయాసిస్‌లో, సముద్రానికి చాలా దూరంగా లోపల ఉంది; భారతి కేంద్రమైతే లార్సెమాన్ హిల్స్‌లో తీరానే ఉంది. అలాంటి సీసా దొరికితే నౌక స్టేషన్ పట్టిక సంపాదించాకే పని మొదలుపెట్టండి. కొత్త జాతి అనిపిస్తే హోలోటైపును (ఆ పేరుకు ఆధారమయ్యే ఏకైక నమూనాను) స్పష్టంగా నిర్దేశించి, దాన్ని ఏ సంగ్రహాలయంలో భద్రపరుస్తున్నారో వ్యాసంలోనే రాయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే ప్రచురిస్తే ఆ వ్యాసాన్ని జంతువుల శాస్త్రీయ నామాల ఆన్‌లైన్ నమోదు పట్టిక అయిన జూబ్యాంకులో ముందుగా నమోదు చేయించి, ఆ విషయాన్ని వ్యాసంలోనే పేర్కొనాలి.