మెల్‌బోర్న్‌కి ఇంటి సామాను ఓడలో పంపాలా, అమ్మేసి వెళ్లాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది, విజయవాడ నుంచి నలుగురూ మెల్‌బోర్న్ వెళ్తున్నారు, ఇంట్లో పన్నెండేళ్ల సామాను ఉంది. షిప్పింగ్ వాళ్లు క్యూబిక్ మీటర్‌కి ఇంత అని ఒక రేటు చెప్పారు. మీ అమ్మాయి వాయించే వీణ కూడా పంపచ్చా అని అడిగారు. మిక్సీ తీసుకెళ్లడం దండగ అని డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు చెప్పారు.

2022లో మేం హైదరాబాద్ మియాపూర్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి మెల్‌బోర్న్‌కే వచ్చాం. మొత్తం 44 పెట్టెలు, ఐదు క్యూబిక్ మీటర్ల పైన కొంచెం. నా మాట సూటిగా చెప్తున్నాను: ఫర్నిచర్ అమ్మేయండి, వంటిల్లూ పుస్తకాలూ పంపండి, వీణ మాత్రం ఓడ ఎక్కించకండి.

ముందు ఆ రేటు సంగతి. మాకు మూడు కొటేషన్లు వచ్చాయి. వాటిలో చవకైనది మిగతా రెంటిలో సగం కూడా లేదు. మా ఆయన ఎగిరి గంతేశారు. అది "పోర్ట్ దాకా" అన్న కొటేషన్ అని మాకు ఇక్కడికొచ్చాక తెలిసింది. సామాను ఓడ దిగిన రోజే ఇక్కడి ఏజెంట్ నుంచి మెయిల్. కంటైనర్ విప్పినందుకు ఇంత, పోర్ట్ హ్యాండ్లింగ్ ఇంత, డెలివరీ ఆర్డర్‌కి ఇంత, కాగితాలకి ఇంత, ఒక్కో లైనుకి ఒక్కో పేరు. మొత్తం 1,640 డాలర్లు. అది కట్టేదాకా పెట్టెలు గోడౌన్‌లోనే ఉంటాయి. ఉచితంగా ఉంచే గడువు నాలుగైదు రోజులు దాటితే రోజువారీ అద్దె మొదలు. బేరమాడే చాన్స్ ఉండదు, మన సామాను వాళ్ల చేతిలో ఉంది కదా. చివరికి లెక్క చూస్తే మధ్య కొటేషన్ కంటే ఎక్కువే అయింది.

కాబట్టి రేటు ఎంత అని కాదు, "మెల్‌బోర్న్‌లో మా ఇంటి గుమ్మంలో పెట్టేదాకా మీకు కట్టింది కాక ఇంకెవరికైనా నేనేమైనా కట్టాలా" అని మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో కాదు. జవాబు కూడా మెయిల్‌లోనే తెప్పించుకోండి. క్వారంటైన్ తనిఖీ (సామానులో పురుగు, మన్ను లాంటివి ఉన్నాయేమో చూడటం) ఫీజు మాత్రం డోర్ టు డోర్ అన్నవాళ్లు కూడా సాధారణంగా విడిగానే పెడతారు, అది మోసమేం కాదు.

ఇంకో లెక్క. ఓడకి బరువు కంటే జాగా ముఖ్యం. విడి సామానుకి ఒక క్యూబిక్ మీటర్‌నీ వెయ్యి కిలోలనీ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి వేస్తారు. ఇంటి సామాను మామూలుగా ఆ బరువుకి రాదు. అందుకే పుస్తకాలు, స్టీలు గిన్నెలు, గ్రైండర్ రాళ్లు ఓడలో లాభం. దిండ్లు, పరుపులు, ప్లాస్టిక్ డబ్బాలు శుద్ధ దండగ, గాలికి డబ్బు కట్టినట్టే. విమాన కార్గోలో అయితే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 6,000తో భాగిస్తారు. 60, 45, 45 పెట్టెలో దూది నింపినా 20 కిలోల పైనే లెక్క కడతారు. ఇంటికొచ్చి కళ్లతో చూసి చెప్పే అంచనాని కూడా నమ్మకండి. మాకు 4.2 క్యూబిక్ మీటర్లు అన్నారు, గోడౌన్‌లో కొలిస్తే 5.3 తేలింది.

ఇరవై అడుగుల కంటైనర్ మొత్తం తీసుకుంటే దాదాపు 33 క్యూబిక్ మీటర్లు. సోఫాలు, మంచాలు తెస్తే తప్ప మీకు అంత అక్కర్లేదు. వేరేవాళ్ల సామానుతో కలిపి ఒకే కంటైనర్లో పంపే పద్ధతే చాలు, కాకపోతే ఆ కంటైనర్ నిండేదాకా ఆగాలి. మాది హైదరాబాద్ నుంచి లారీలో ముంబై దగ్గర నవా షేవాకి వెళ్లి, అక్కడే మూడు వారాలు కూర్చుంది. తర్వాత కొలంబోలో ఓడ మారింది. మా గుమ్మం ముందుకి వచ్చేసరికి 11 వారాలు.

ఇప్పుడు అసలు టెన్షన్: ఆస్ట్రేలియా బయోసెక్యూరిటీ, అంటే ఆ క్వారంటైన్ తనిఖీ చేసేవాళ్లు. కస్టమ్స్ వాళ్లతో నాకు ఇబ్బంది రాలేదు. రాకముందు ఏడాది పైగా మీ దగ్గరుండి మీరు వాడిన సామానుకి పన్ను లేదు. కొత్తగా కొని సీలు విప్పకుండా పంపితేనే గొడవ. కానీ పురుగు, మన్ను, గింజ, ఆకు, వీటి విషయంలో వీళ్లు ఊరుకోరు. నిల్వ ధాన్యాన్ని తినేసే ఖాప్రా బీటిల్ అనే పురుగు భయంతో బియ్యం, శనగలు, కందులు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి లాంటివి మన దేశం నుంచి ఇంటి సామానులో పంపడమే నిషేధం.

ఇది నాకు తెలుసు, ఇంట్లో అందరికీ చెప్పాను కూడా. అయినా మా పెద్ద కుక్కర్లో పావుకిలో ధనియాల పొట్లం దొరికింది. ఫోన్ చేసి, "అత్తయ్యా, కుక్కర్లో ఏమైనా పెట్టారా?" అంటే, "ధనియాలే కదమ్మా, అక్కడ దొరుకుతాయో లేదో అని" అన్నారు. ఇక్కడ మా వీధి చివర ఇండియన్ స్టోర్లో బస్తాలకొద్దీ ఉన్నాయి. సామాను ఫారం మీద సంతకం నాది కాబట్టి జవాబుదారీ నాది. ధనియాలు పోయాయి, పోతే పోనీ. దాంతో అనుమానం వచ్చి వంటింటి పెట్టెలన్నీ విప్పించారు, ఆ తనిఖీకి టైము లెక్కన బిల్లు. అందుకే చివరి రెండు రోజులు పెట్టెల దగ్గరికి పెద్దవాళ్లని రానివ్వకండి. నవ్వులాటకి చెప్పడం లేదు.

జాడీలు కొత్తవి కొన్నా జాగ్రత్త. షాపువాడు చుట్టిన వరిగడ్డితోనే అట్టపెట్టెలో పెట్టేస్తాం. ఇక్కడికి గడ్డితో ప్యాకింగ్ కుదరదు. కోడిగుడ్ల అట్టలు, పళ్ల పెట్టెలు వాడకండి. కొబ్బరి ఈనెల చీపురు, చేట, మామిడాకుల తోరణం, కుంకుడుకాయలు, వట్టివేళ్లు, గంగాజలం చెంబు, ఇవన్నీ అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. బూట్లు, సైకిల్ టైర్లు, పిల్లల క్రికెట్ బ్యాటు పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టండి. మట్టి మరక కూడా ఉండకూడదు.

చెక్కవి మొత్తం నిషేధం కాదు. పప్పుగుత్తి, కవ్వం, చపాతీ కర్ర, కొండపల్లి బొమ్మలు మావన్నీ వచ్చాయి. బెరడు, పురుగు రంధ్రం ఉండకూడదు, అంతే. మా నాన్నమ్మ పీటకి అడుగున రెండు సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలా పొడి. పొగ వేయిస్తారా, నాశనం చేయమంటారా, వెనక్కి పంపుతారా అని అడిగారు. పీట ఒకటైనా, గదంత సామానైనా కనీస చార్జీ ఒకటే అన్నారు. కట్టాను. మా ఆయన ఇప్పటికీ దాన్ని డాలర్ల పీట అంటారు.

మా దగ్గర తప్పు జరిగింది లిస్టు దగ్గర. ప్యాకర్స్ సగం పెట్టెల మీద "వంటింటి సామాను, ఇతరములు" అని రాసి వదిలేశారు. ఆ ఇతరములు అన్న మాట చూస్తే తనిఖీ చేసేవాళ్లు విప్పకుండా ఉండరు. "పెట్టె 17: స్టీలు గిన్నెలు 12, ఇడ్లీ స్టాండు 1" అని పెట్టె పెట్టెకీ మీరే రాసుకోండి. చెక్కవన్నీ ఒకటి రెండు పెట్టెల్లోనే సర్ది, పైన పెద్దగా రాసి, అవి ముందుగా చేతికందేలా పెట్టమనండి. అన్‌అకంపనీడ్ పర్సనల్ ఎఫెక్ట్స్ స్టేట్‌మెంట్ అని (మనతో కాకుండా విడిగా వచ్చే సొంత సామాను గురించి) ఒక ఫారం నింపాలి, దానికి ఈ లిస్టే ఆధారం. ప్యాకర్స్ చెక్క క్రేట్ వాడితే 56 డిగ్రీల్లో అరగంట వేడిచేసినట్టు దాని మీద ముద్ర ఉందో లేదో చూడండి. ముద్ర లేని చెక్కని ఆస్ట్రేలియాలోనే కాదు, చాలా దేశాల్లో ఆపుతారు.

ఇక వీణ. మాది అమ్మ వాయించిన బొబ్బిలి వీణ, పనసకర్రది. పురుగు లేదు, పగుళ్లు లేవు, తనిఖీలో ఎవరూ ఏమీ అనలేదు. కానీ పెట్టె విప్పి చూస్తే మెట్లు (తీగల కింద వరసగా ఉండే లోహపు పట్టీలు) ఒకపక్కకి జారి ఉన్నాయి. మెట్లు కూర్చేది మైనంలో కదా. భూమధ్యరేఖ మీదుగా ఎండలో ఇనప డబ్బాలో వారాలపాటు ప్రయాణం, మైనం ఎలా నిలుస్తుంది? ఈ సంగతి వీణ వాయించే నాకే తట్టలేదు. మళ్లీ కూర్చేవాళ్లు ఇక్కడ నాకు దొరకలేదు. మరుసటి ఏడాది కచేరీకి వచ్చిన బృందంలో ఒకాయన దయతలచి చేసిపెట్టారు. మీ అమ్మాయిది గట్టి పెట్టెలో పెట్టి మీరు వెళ్లే విమానంలోనే తీసుకెళ్లండి, ఎయిర్‌లైన్‌కి ముందే కొలతలు చెప్పి రాయించుకోండి. పాత వీణ అయితే ఎక్కడైనా దంతపు పని ఉందేమో చూడండి, ఉంటే దేశం దాటించే ఆలోచనే వద్దు. అలాగే తాతలనాటి ఇత్తడి, కంచు విగ్రహాలు నూరేళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. నూరేళ్లు లేకపోయినా పాతగా కనిపిస్తే, పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవడం మంచిది.

మిక్సీ విషయంలో మీ తమ్ముడి మాట అమెరికాకి నిజం. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఆస్ట్రేలియాలో మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు ఒక్కటే తేడా, అడాప్టర్ పెడితే సరి. మా మిక్సీ, గ్రైండర్ మూడేళ్లుగా తిరుగుతూనే ఉన్నాయి.

ఇన్సూరెన్స్ చేయించండి, కానీ మీరు స్వయంగా సర్దిన పెట్టెలో పగిలినవాటికి సాధారణంగా ఇవ్వరు. నేను ముచ్చటపడి నా చేత్తోనే సర్దిన డిన్నర్ సెట్‌లో ఏడు ప్లేట్లు పగిలాయి, క్లెయిమ్ రాలేదు. పాలసీలో జనరల్ యావరేజ్ ఉందో లేదో కూడా అడగండి. ఓడకి ఆపద వస్తే దాన్ని కాపాడిన ఖర్చు సరుకున్న వాళ్లందరి మీదా పడుతుంది. 2021 మార్చిలో సూయజ్ కాలువకి అడ్డం పడ్డ ఎవర్ గివెన్ అనే ఓడ విషయంలో ఇదే జరిగింది. బంగారం, సర్టిఫికెట్లు, మందులు మీ చేతి సంచిలోనే.

మంచాలు, సోఫాలు ఎందుకు వద్దన్నానంటే, సామాను వచ్చేలోపు రెండు నెలలు నేల మీద పడుకోలేరు, ఎలాగూ కొంటారు. మేం మంచం సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) వాళ్లు పాత సామాను తీసుకెళ్లే రోజున ఎవరో డైనింగ్ టేబుల్‌ని రోడ్డు పక్కన పెడితే తెచ్చుకున్నాం, ఇక్కడ అది నామోషీ కాదు. ఆ రెండు నెలలకి చిన్న కుక్కరు, పోపుల డబ్బా (ఖాళీది), నాలుగు కంచాలు, ఒక మూకుడు సూట్‌కేసులో పెట్టుకోండి.

మీ కొటేషన్‌లో కంపెనీ పేరు తీసేసి లైన్లు మాత్రం ఇక్కడ పెట్టండి. ఏవి పోర్ట్ దాకా, ఏవి గుమ్మం దాకా అన్నది చూసి చెప్తాను.