పాత కార్ల విలువ పెరిగితే వాటిని నడిపే ఆనందం తగ్గుతుందా?

ధర దానంతటదే ఆనందాన్ని చెడగొట్టదు. ధర చూసి యజమాని మనసులో పుట్టే భయమే చెడగొడుతుందని నా అభిప్రాయం. 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ఒకటి 2018లో వేలంలో 4.84 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అంతటి కారును రోడ్డెక్కించడానికి ఎవరైనా జంకుతారు. బరంపురంలో మా నాన్నగారి నాటి అంబాసిడర్‌కు అంత ధర లేదు గాని, 2014లో కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారా కర్మాగారంలో దాని తయారీ ఆగిపోయాక అడిగేవారు పెరిగారు, దానితో మాకూ ఆ జంకు కొంత మొదలైంది.

అయితే షెడ్డులో దాచడం కారును కాపాడదు. కదలని కారులో బ్యాటరీ దిగిపోతుంది, పాతబడిన పెట్రోలు, ఇంజనుకు గాలి, పెట్రోలు కలిపి అందించే కార్బ్యురేటర్‌లో జిగురులా పేరుకుంటుంది, బ్రేకుల రబ్బరు వాషర్లు గట్టిపడతాయి, టైర్లు ఒకేచోట బరువు మోసి చదునవుతాయి; గోపాల్‌పూర్ సముద్రపు ఉప్పుగాలి సోకే మా ప్రాంతంలో తుప్పు సరేసరి. అందుకే మేము తరచూ ఇచ్ఛాపురం దాకా నడిపి వస్తాము.

ఒక జాగ్రత్త చెప్పాలి. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయిస్తే, ప్రదర్శనలు, ర్యాలీలు, ఇంధనం, మరమ్మతుల వంటి అవసరాలకు తప్ప రోజువారీగా నడపకూడదు. నడపడమే మీకు ముఖ్యమైతే ఆ నమోదుకు తొందరపడకండి. ఐదేళ్లు దాటిన వాహనానికి బీమా విలువను కంపెనీతో మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. దానిని నేటి ధరకు తగ్గట్టు రాయించుకుంటే భయం చాలావరకు తగ్గుతుంది.