డబ్బా సీలు తీయకు

బ్రాడీపేట, గుంటూరు

చి. సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన వార్త రెండుసార్లు చదివాను. పేగుల్లోని బాక్టీరియాకూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం ఉందని జన్యువులే చెబుతున్నాయన్నారని గవర్నర్‌పేట వెళ్లి 1,800 పోసి మీ నాన్న కోసం ప్రోబయోటిక్ మాత్రలు, అంటే బతికున్న మంచి బాక్టీరియా ఉండేవి, కొన్నావు. ముప్ఫై ఏళ్లు మైక్రోబయాలజీ పాఠం చెప్పిన పెదనాన్నను పెట్టుకుని, కొన్నాక అడుగుతావా?

ఆ పరిశోధనలో ఎవరికీ మాత్రలు మింగించలేదు. దాన్ని మెండెలియన్ రాండమైజేషన్ అంటారు. అమ్మానాన్నల నుంచి ఏ జన్యువు వస్తుందన్నది చీటీలు తీసినట్టు కడుపులో పడ్డప్పుడే తేలిపోతుంది. తరువాతి తిండీ అలవాట్లూ దాన్ని మార్చలేవు. అందుకే ఫలానా బాక్టీరియాను పెంచే జన్యువున్న వాళ్లకు గ్లియోమా అనే మెదడు కణితి ఎక్కువగా వచ్చిందా అని లెక్క కడతారు. తెలివైన ఉపాయమే, కాదనను.

మెలిక ఎక్కడుందంటే, పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ జన్యువునే తీసుకో. దాని రూపాన్ని బట్టి పేగుల్లో బిఫిడోబాక్టీరియా హెచ్చుతగ్గులుంటాయి. ఆ మనిషికి పాలు పడతాయా లేదా అన్నదీ ఆ జన్యువు చేతిలోనే ఉంది. రేపు జబ్బులో తేడా కనిపిస్తే బాక్టీరియా ఖాతాలో రాస్తావా, పాల ఖాతాలోనా? పైగా ఇలాంటి లెక్కలకు ఎక్కువగా వాడే 2021 నాటి మైబయోజెన్ అనే జన్యువుల, పేగు బాక్టీరియా సమాచారంలో 18,340 మంది ఉన్నా, అత్యధికులు ఐరోపా సంతతివారే. గోంగూర, పప్పు తినే మన పేగుల ఊసు అందులో లేదు. ఇంకొకటి: 200 రకాల బాక్టీరియాను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే, నూటికి 5 తప్పుల హద్దు పెట్టుకున్నా, కాకతాళీయంగానే ఓ 10 దోషుల్లా కనబడతాయి. అన్ని పరీక్షలు చేసినందుకు ఆ హద్దును ఇంకా బిగించే సవరణ చేశారో లేదో చూడకుండా శీర్షికను నమ్మకు.

మీ నాన్నలా నీకూ వస్తుందేమోనన్న బెంగ వద్దు. గ్లియోమాల్లో తీవ్రమైన రకమైన గ్లియోబ్లాస్టోమా అమెరికా లెక్కల్లో ఏడాదికి లక్షలో సుమారు 3 మందికి వస్తుంది; వంశపారంపర్యంగా వచ్చేది చాలా అరుదు.

అసలు నా భయం మీ నాన్న గురించి. వాడు కీమోలో ఉన్నాడు. తెల్లకణాలు పడిపోయినవాళ్లకు ఇలాంటి మాత్రల్లోని బతికున్న బాక్టీరియా రక్తంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ తెచ్చిన సందర్భాలున్నాయి. ఈసారి రక్తపరీక్ష రిపోర్టుతో పాటు ఆ డబ్బా కూడా సంచిలో పెట్టుకుని వెళ్లి క్యాన్సర్ డాక్టరుకు చూపించు. ఇంట్లో తోడు వేసిన పెరుగు సంగతీ అక్కడే అడుగు. వద్దంటే షాపువాడికి తిరిగి ఇచ్చేద్దాం, బిల్లు పారేయకు.

మీ పెదనాన్న