కెనడా సిటిజన్‌షిప్ తీసుకుంటే అమెరికా గ్రీన్ కార్డ్ తొందరగా వస్తుందా?

రాదండీ, ఆ క్యూలో చూసేది చేతిలో ఉన్న పాస్‌పోర్ట్ కాదు, పుట్టిన దేశం. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, అందులో భార్యాపిల్లలూ లెక్కే, పైగా ఒక్కో దేశానికి మామూలుగా 7 శాతమే, మనవాళ్ళేమో బోలెడుమంది, అందుకే ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం మామూలుగా కంపెనీ మన తరఫున వేసే పిటిషన్) అప్రూవ్ అయినా, ఎవరి వంతు ఎంతదాకా వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో మన డేట్ వచ్చేదాకా ఆగాల్సిందే.

గుంటూరులో పుట్టినాయన కెనడా పాస్‌పోర్ట్ తెచ్చుకున్నా ఇండియా లైన్‌లోనే ఉంటాడు, అదే వాళ్ళావిడ కువైట్‌లో పుట్టుంటే మాత్రం ఇద్దరూ కువైట్ లెక్కలో వెళ్ళొచ్చు (ఆవిడ బర్త్ సర్టిఫికెట్ ఓసారి తీసి చూడండి, చాలామందికి ఈ సంగతే తట్టదు). ఇక బాబు అమెరికాలో పుట్టాడు కదా మాకు త్వరగా వచ్చేస్తుందనుకోవడం ఉత్త భ్రమ, వాడికి 21 ఏళ్ళు నిండితే గానీ అమ్మానాన్నలకి పిటిషన్ వేయలేడు.